మోకాలి నొప్పియు సామాయికమును



పర్యుషణ దినములలో ప్రతిక్రమణకు కూర్చున్నప్పుడు మీరు వెనుకకు తిరిగి చూచియుందురు. గోడవారగా కుర్చీల వరుస యొకటి యుండును. నా చిన్ననాడు రెండు మూడు కుర్చీలు చాలెడివి. ఇప్పుడు వరుస చాలక తలుపు దాక వచ్చినది. అంగడి గద్దెమీద మడిచిన కాలు మడిచినట్లే నలువదేండ్లు కూర్చున్న తండ్రులు, పొయ్యి ముందర, తిరుగలి ముందర వయసు గడపిన తల్లులు అక్కడ నుందురు. వారిలో పెక్కుమంది మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. నేటి నా మాటలు వారిని గురించియు, అంతకంటె ఎక్కువగ వారి యింటివారిని గురించియు.

వై.ఎన్.హొసకోటలో పట్టుచీరల వ్యాపారము చేయు ఒక శ్రావకుని యింటికి పోయియుంటిని. అది మగ్గముల ఊరు. వీధిలో నడచుచుండగనే మగ్గము చప్పుడు చెవిని పడును. ఇంటి పెద్దావిడ కుర్చీలో నుండియే నమస్కరించి, "అయ్యా, కుర్చీలో కూర్చొని చేసిన సామాయికం చెల్లుతుందా?" అని అడిగినది. చెల్లునంటిని. కోడలు లోపలికి పోవువరకు ఆగి, ఆమె గొంతు తగ్గించి, "ఆపరేషనయి రెండేండ్లాయ. నొప్పి పోలేదు. నడిరాత్రి తర్వాత నిద్ర రాదు. ఎవురికి చెప్పేది? ఎక్స్‌రే బాగుందని డాక్టరు చెప్పినాడు. అంత దుడ్డు పెట్టినాక ఇంకా నొప్పి అంటే నాటకమనుకుంటారు. నా కర్మమని నోరు మూసుకొని ఉండాను" అన్నది.

నాకు మొదటి ప్రశ్నకంటె ఈ మాటయే పెద్దదిగా తోచినది.

ముందుగా లౌకిక విషయము. ఈ శస్త్రచికిత్స గొప్పది, సందేహము లేదు. నేటి పద్ధతికి దారి తీసిన కృత్రిమపు కీలును 1974లో న్యూయార్కున ఇన్‌సాల్, రణావత్, వాకర్ అనువారు వాడుకలోనికి తెచ్చిరి; అందు రణావత్ భారతదేశమున పుట్టినవాడు. ప్రధానమంత్రి వాజపేయిగారి మోకాళ్లకు 2000, 2001 సంవత్సరములలో బొంబాయిలో చికిత్స చేసినది ఆయనయే. 2017 ఆగస్టులో ప్రభుత్వము ఈ కీళ్ల వెలకు హద్దు కట్టిన పిమ్మట మధ్యతరగతి యిండ్లకు కూడ ఇది అందినది. చేయించుకొన్నవారిలో అధికసంఖ్యాకులు సుఖముగ నడచుచున్నారు. కాని వైద్యులే లెక్కించి చెప్పిన మాట యొకటి మన యిండ్లకు చేరలేదు. ఇంచుమించు ప్రతి అయిదుగురిలో ఒకరికి, నెలలు గడచినను, ఏండ్లు గడచినను నొప్పి నిలిచియే యుండును.

దీనికి కారణము లనేకములు. లోపల సూక్ష్మక్రిములు చేరవచ్చును. కీలు వదులు కావచ్చును, బిగుసుకొనవచ్చును. చర్మము క్రింది సన్నని నరము కోతలో దెబ్బతినవచ్చును. తుంటిలోనో వెన్నులోనో ఉన్న జబ్బు మోకాలిలో నొప్పిగ తెలియవచ్చును. పావగడ సీమ నేలనీటిలో ఫ్లోరైడు ఎక్కువ కనుక, ఇరుగుపొరుగు ప్రతి కీళ్లనొప్పికి "ఇది నీళ్ల నొప్పి" అని తీర్పు చెప్పి లేచిపోదురు. ఆ తీర్పు వైద్యుడు చెప్పవలసినది. వీనిలో ఏదియు లేకున్నను, శస్త్రచికిత్సకు ముందు ఏండ్ల తరబడి అనుభవించిన నొప్పిని నరములును మెదడును అలవాటు చేసికొని, మూలము తీసివేసినను విడువక యుండుట కూడ కలదు. అప్పుడు ఎక్స్‌రేలో ఏమియు కనబడదు. ఎక్స్‌రే ఎముకను చూపును, లోహమును చూపును. నొప్పిని చూపు యంత్రము లేదు. కనుక "ఎక్స్‌రే బాగున్నది" అన్న మాటకు "నొప్పి లేదు" అని అర్థము చేయుట తప్పు.

ఇక "నా కర్మము" అన్న మాట. అసాతావేదనీయ కర్మోదయము లేక వేదన కలుగదని మన సిద్ధాంతము చెప్పుచున్నది, నిజమే. అయితే ఆ సిద్ధాంతమే మందు మానుమని చెప్పినదా? దిగంబర సంప్రదాయములో సమంతభద్రాచార్యుల కథ వినియుందురు. భస్మకవ్యాధి సోకి, ఎంత తిన్నను ఆకలి తీరక, సల్లేఖనకు అనుజ్ఞ వేడగా గురువు ఒప్పుకొనలేదు. ముందు రోగము మాన్పుకొని రమ్మని పంపెను. ఆ గురువు కర్మసిద్ధాంతము తెలియనివాడా? శ్వేతాంబరుల పచ్చక్ఖాణములలో చూడుడు; వ్రతము పట్టునప్పుడే కొన్ని ఆగారములు, అనగా మినహాయింపులు, పలుకుదుము. తీవ్రరోగమున సమాధి చెడకుండుటకై ఔషధము పుచ్చుకొనుట వానిలో నొకటి. నోటితో ప్రతిదినము ఆ మాట పలికియు, మాత్ర వేసికొన్నచో పాపమని వెరచువారున్నారు! రోజూ మాత్ర తప్పనివారు ఆ మినహాయింపును లాగి సాగదీయనక్కరలేదు. మాత్రవేళ ఇముడునట్టి వ్రతమునే, బియాసణమునో మరొక దానినో, ఎన్నుకొనవచ్చును.

శ్వేతాంబర గ్రంథములలో మరియొక కథ కలదు. ఇది వర్తకులు మరువరానిది. మహావీరస్వామి చెవులలో పసులకాపరి మేకులు దిగగొట్టెను. స్వామి ఎవరికిని చెప్పలేదు, భిక్షకు పోయెను. సిద్ధార్థుడను వణిజుని యింట ఖరకుడను వైద్యుడుండి, ముఖము చూచినంతనే ఈ దేహములో ఏదియో శల్యము కలదని గ్రహించెను. వర్తకుడు వెంటనే, "పోదము, తీయుము" అనెను. ఇద్దరును వెదకికొని పోయి, మేకులు పెరికిరి. పెరికినప్పుడు స్వామి బిగ్గరగ అరచెనని వ్రాసిరి. తీర్థంకరుడే అరచిన చోట, డెబ్బదేండ్ల అవ్వ రాత్రివేళ మూలిగినదని ఆమె శ్రద్ధను శంకింతుమా?

అయితే ఓర్పునకు చోటెక్కడ అందురేమో. తత్త్వార్థసూత్రము తొమ్మిదవ అధ్యాయమున ఆర్తధ్యానము నాలుగు విధములని చెప్పి, అందు వేదనను గూర్చిన చింతను ఒకటిగ ఉమాస్వాతి చేర్చెను. వేదన ఆర్తధ్యానము కాదు. దానినే పట్టుకొని మనస్సు తిరుగుట ఆర్తధ్యానము. మీకు తెలిసిన భాషలో చెప్పెదను. నొప్పి అసలు. "ఈ ఆపరేషనుకు ఎందుకొప్పుకొంటిని, పక్కింటామె మెట్లెక్కుచున్నదే, నేను భారమైతిని, రేపెట్లు" అనునది వడ్డీ. అసలు కొంత మన చేతిలో లేదు. వడ్డీ మాత్రము రాత్రి రెండు గంటలకు మనమే వ్రాసికొనుచున్నాము, చక్రవడ్డీగ. ఇది తెలిసినంతనే ఆగునని నేను చెప్పను. ఆగదు. ఒక పూట ఒక్క పద్దు వ్రాయక వదలినను లాభమే.

మన తాలూకాలోని నిడుగల్లు కొండమీద పార్శ్వనాథుని బసది కట్టించిన సంగతి 1232 నాటి శాసనమున కలదు. పార్శ్వప్రభువు రాళ్లు, వాన కురిపించిన కమఠుని ద్వేషింపలేదు, పడగ పట్టిన ధరణేంద్రునిపై మమకారము పెంచుకొనలేదు. కాని పడగను త్రోసివేయనూ లేదు, గమనింపుడు. మోకాలు కమఠుడైనచో చేతికర్ర ధరణేంద్రుడు. చేతికర్ర పట్టుకొనుటకు సిగ్గుపడు తండ్రులకు ఈ మాట.

ఇంటివారికి చెప్పవలసినది ఇంకను ఉన్నది. అదే సూత్రగ్రంథము ఆరవ అధ్యాయమున, దుఃఖమును, శోకమును, ఆక్రందనమును తనకు గాని పరులకు గాని ఇరువురికి గాని కలిగించుట అసాతావేదనీయమునకు ద్వారమని చెప్పినది. "అత్తకు ఎప్పుడూ ఇదే పాట" అని విసరిన మాట ఆ ద్వారమే. వైయావృత్త్యము ఆభ్యంతర తపస్సు. అందులో సేవింపదగినవారిలో గ్లానులను, అనగా రోగులను, పేరు పెట్టి చెప్పిరి. ఉపవాసములకు వరఘోడా ఊరేగింపు తీయుదుము. రాత్రి లేచి అత్తకాలికి కాపడము పెట్టిన కోడలికి ఊరేగింపు లేదు.

బ్రిటనులో 8 ఆసుపత్రులలో ఇట్టి నొప్పి మిగిలిన 363 మందిని పరిశీలించి 2022లో ఫలితము ప్రకటించిరి. మూడు నెలలనాడు ఒక గంటసేపు కూర్చుండబెట్టి నొప్పి సంగతి వినుట, కారణమును బట్టి తగిన వైద్యుని యొద్దకు పంపుట, ఏడాది పొడుగున టెలిఫోనులో విచారించుట, ఇంతే చేసిరి. మామూలు చికిత్స పొందినవారికంటె వీరికి నొప్పి కొంత తగ్గినది. పూర్తిగ పోలేదు, తగ్గినది.

కుర్చీ ప్రశ్న మిగిలినది. సామాయికము సమభావమునకు, మోకాటికి కాదు. నలువది యెనిమిది నిమిషములు కుర్చీలో గడపవచ్చును. కాలు బిగుసుకొన్నచో మెల్లగ చాపి మరల దించవచ్చును. వందనము మోకరిల్లక చేతులు మోడ్చి, తల వంచి చేయవచ్చును. కాయోత్సర్గము నిలిచియు, కూర్చుండియు, పరుండియు మూడు విధముల కలదు. దగ్గు, తుమ్ము, ఆవులింత, తల తిరుగుట అడ్డుగ ఎంచబడవని ఆ పాఠములోనే చెప్పికొందుము; దేహము తనకు లోబడనిదని పెద్దలకు తెలియును.

ఆ యింట సాయంకాలము కుమారుడు అంగడి మూసి వచ్చినప్పుడు ఈ సంగతులే చెప్పితిని. అతడు చాలసేపు మాటాడలేదు. "నాకు చెప్పలేదేమమ్మా?" అన్నాడు. "నువ్వు అడగలేదు కదరా" అన్నది ఆమె. నొప్పి ఏ వేళ, ఏ చోట, నడకలోనా విశ్రాంతిలోనా అని ఒక వారము వ్రాసి, దానితో బెంగళూరుకు తిరిగి చూపించుడని చెప్పితిని. కాలు ఎర్రబడినను, వాచినను, జ్వరము వచ్చినను, పాతగాటునుండి నీరు కారినను వారము వేచియుండక ఆ దినమే పోవలెననియు చెప్పితిని. అతడు గల్లాపెట్టె ప్రక్కనున్న కొత్త చిట్టా పుస్తకము తెచ్చి, మొదటి పుటలో తేదీ వేసి, తల్లి దగ్గర నేలమీద కూర్చుండెను. "చెప్పమ్మా, రాత్రి ఎన్ని గంటలకు మొదలయింది?" అన్నాడు. కోడలు దీపము దగ్గరకు జరిపినది.