విధవా శబ్దము: ఒక యుపసర్గ విచారము

నవీపేట సంతలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినవచ్చును. బేకారు, బేదఖలు, బేఫికరు అను మాటల మొదటనున్న ‘బే’ లేమిని తెలుపునని అక్కడ చదువురాని వానికిని తెలియును. కావున భర్త చనిపోయిన స్త్రీని ‘బేవా’ యన్నప్పుడు అందును లేమియే తోచును. సంస్కృతము చదివిన మనకు మాత్రము భేదమేమి? ‘వి’ యనగా లేని, ‘ధవు’డనగా మగడు, మగడు లేనిది విధవ యని మనము బాల్యమునుండి వల్లించుచునే యున్నాము.

ఈ వ్యుత్పత్తి సత్యమేనా? యాస్కుడు నిరుక్తములో ఈ శబ్దమునకు పెక్కు వ్యుత్పత్తులను చూపెను. ధవశబ్దముతో కూడినది వానిలో ఒకటి మాత్రమే. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు మూల మొక్కటి యనియు, గాతిక్, కెల్టిక్ భాషలును ఆ కుదురువే కావచ్చుననియు విలియం జోన్సు 1786లో కలకత్తాలో నుడివెను. పిమ్మట పండితులు మాటలను సరిపోల్చజొచ్చిరి. జర్మనులో ‘విట్వె’, ఇంగ్లీషులో ‘విడో’, వేల్సువారి కెల్టిక్ భాషలో ‘గ్వెదు’, లాటినులో ‘విదువ’: ఇవి యన్నియు మన విధవకు తోబుట్టువులు. పారసీకమునుండి వచ్చిన బేవాయు నంతియే; అందున్నది లేమిని తెలుపు ‘బే’ కాదు. వియోగార్థకమైన ధాతువునుండి విధవాశబ్దమే ముందు పుట్టినదనియు, తరువాతివారు దానిని రెండుగా చీల్చి మిగిలిన తునకను మగనికి పేరు చేసిరనియు భాషావేత్తలు చెప్పుచున్నారు. ధవునివలన విధవ కాదు, విధవవలననే ధవుడు పుట్టెను!

అయిన నేమి? శబ్దము తేటపడినంత మాత్రమున న్యాయము జరుగునా? జరుగదు. కాని యొక్కటి తెలియును. వియోగము ఎల్లరకును కలుగు దుఃఖము. లేమి మనము వేసిన ముద్ర. ఆ ముద్రనే ‘వెధవ’ యను తిట్టుగా మార్చి మగవారిమీదను విసరుచున్నాము. 1856 నాటి చట్టము బ్రిటిషిండియాలో విధవావివాహమునకు అడ్డు తొలగించెను. 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున అట్టి పెండ్లిని జరిపించిరి. పెండ్లిపందిటిలోని యడ్డు మాత్రము నేటికిని పూర్తిగా తొలగలేదు. ఈ జిల్లాలో బీడీలు చుట్టి బిడ్డను చదివించిన తల్లి, ఆ బిడ్డ పెండ్లినాడు పసుపుకుంకుమల పళ్లెమునకు దూరముగా నిలుచుటను మేము చూచియున్నాము. పొమ్మన్నవా రెవరును లేరు. తానే తొలగి నిలిచెను. అంతగా ఆ యక్షరము ఆమెకు ఒంటబట్టినది.

ఆమెను పేరుపెట్టి ముందునకు పిలిచి, మొదటి యక్షతలు ఆమెచేతనే వేయించుటకు ఏ నిఘంటువు ననుమతియు అక్కరలేదు.