మిత్రుడి స్మరణ: ఋణమా, సాక్ష్యమా?

మరణించిన మనిషిని తలచుకోవడం బతికి ఉన్నవారి ధర్మమని దాదాపు అన్ని సంప్రదాయాలూ చెబుతాయి గాని, ఆ ధర్మం ఎవరి మీద ఎంత ఉంటుందనే విషయానికి వచ్చేసరికి వాటి ఆలోచన ప్రధానంగా రక్తసంబంధం చుట్టూనే తిరుగుతుంది. మనిషి మూడు ఋణాలతో పుడతాడనీ, యజ్ఞంతో దేవఋణం, అధ్యయనంతో ఋషిఋణం, సంతానంతో పితృఋణం తీరుతాయనీ వైదిక సంప్రదాయం బోధించింది. ఈ మూడింటిలో మిత్రఋణమనేది లేదు. కొడుకు తలకొరివి పెడతాడు, పాలివాళ్లు పదిరోజులూ మైల పాటిస్తారు. బడిలో పక్కపక్కన కూర్చుని చదువుకుని, ఆ తరువాత ముసలితనం దాకా కష్టసుఖాలు పంచుకున్న స్నేహితుడు మాత్రం దినాలకు వచ్చి, భోజనం చేసి వెళ్లే నలుగురిలో ఒకడిగా మిగిలిపోతాడు. అయితే ఇలా ఏ విధీ లేకపోవడం వల్లనే స్నేహితుడి స్మరణకు వేరెవరి స్మరణకూ లేని నైతిక విలువ వస్తుంది. పోయినవాడు సంపదతోపాటు వేలమంది బతుకుల మీద ప్రభావం కూడా గడించిన వ్యాపారి అయినప్పుడు ఆ విలువ మరింత పెరుగుతుంది. సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఒక తరం పారిశ్రామికవేత్తలు కాలం చేస్తున్న ఈ రోజుల్లో ఈ ప్రశ్న కేవలం గ్రంథచర్చకు సంబంధించినది కాదు.

శాస్త్రం మిత్రుణ్ణి పూర్తిగా మరిచిపోలేదు. భాద్రపద బహుళ పక్షాన్ని మహాలయ పక్షమంటారు. పితృదేవతలకు నువ్వులు కలిపిన నీళ్లు విడిచే తర్పణానికి అది ముఖ్యకాలం. తండ్రి, తాత, ముత్తాతలతో మొదలై మాతృవంశం, అత్తమామల మీదుగా సాగే ఆ పేర్ల వరుసలో గురువు, ఆచార్యుడు ఉన్నట్టే సఖుడు కూడా ఉన్నాడు. తెలంగాణ పల్లెల్లో పెత్రమాస అని పిలుచుకునే మహాలయ అమావాస్య నాడు ఇదే భావం మరింత సులువైన రూపంలో కనిపిస్తుంది. చేటలోనో పళ్లెంలోనో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, ఆ కాలానికి దొరికే కూరగాయలు పెట్టి, పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా పైకి చెప్పి, అయ్యగారికి బియ్యం ఇచ్చుకుంటారు. కొడుకు తండ్రి పేరు చెప్పకపోతే ఊరు తప్పుపడుతుంది. స్నేహితుడి పేరు చెప్పకపోతే ఎవరూ అడగరు. అందుచేత ఆ వరుసలో స్నేహితుడి పేరు పలికిన మనిషి విధికి లోబడి కాక, తనంతట తాను పలుకుతున్నాడు.

చిన్ననాటి స్నేహం మధ్యలోకి సంపద వచ్చినప్పుడు ఏమవుతుందో ఇతిహాస పురాణాలు రెండు కథల్లో ఎదురెదురుగా నిలిపి చూపాయి. మహాభారతం ఆదిపర్వంలో ద్రోణుడు, పాంచాల రాకుమారుడు ద్రుపదుడు భరద్వాజుడి ఆశ్రమంలో కలిసి చదువుకున్నారు. కొడుక్కి పాలు కూడా పట్టలేని పేదరికంలో ద్రోణుడు పాత స్నేహం గుర్తుచేస్తూ వెళ్తే, రాజుకూ పేదవాడికీ స్నేహమేమిటని ద్రుపదుడు తోసిపుచ్చాడు. ఆ అవమానం ద్రుపదుడు అర్ధరాజ్యం పోగొట్టుకోవడానికీ, ధృష్టద్యుమ్నుడి పుట్టుకకూ, చివరికి కురుక్షేత్రంలో ద్రోణుడి వధకూ దారితీసింది. పోతన భాగవతం దశమ స్కంధంలోని కుచేలుడి కథలో ఇందుకు పూర్తిగా భిన్నమైనది జరుగుతుంది. ద్వారక ప్రభువైన కృష్ణుడు అటుకుల మూట విప్పకముందే సాందీపని గురుకులం సంగతులు ఎత్తుకుని, గురుపత్ని కోరగా కట్టెలకు అడవికి వెళ్లి గాలివానలో చిక్కుకున్న రాత్రిని తానే గుర్తుచేస్తాడు. ఇక్కడ జ్ఞాపకం ముందు, దానం తరువాత. ద్రుపదుడు తిరస్కరించింది ఒక పేదవాణ్ణి మాత్రమే కాదు, రాజు కాకముందు తానెవరో తెలిసిన సాక్షిని. కృష్ణుడు కౌగిలించుకున్నది ఆ సాక్షినే.

గ్రీకు తాత్వికుడు అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’ ఎనిమిదో భాగంలో స్నేహాన్ని మూడు రకాలుగా విభజించాడు: ప్రయోజనం కోసం చేసేది, ఆనందం కోసం చేసేది, ఎదుటివాడి మంచితనాన్ని ఎరిగి అతని మేలును అతని కోసమే కోరేది. మొదటి రెండూ వాటి కారణం తీరగానే వీగిపోతాయని, మూడోదే నిలుస్తుందని అతని నిర్ణయం. వ్యాపారి చుట్టూ చేరే పరిచయాల్లో ఎక్కువ భాగం, ఎంత ఆదరమున్నా, మొదటి రకానికి చెందినవే. బ్యాంకు అధికారి, సరుకు అందించేవాడు, రాజకీయ నాయకుడు అతన్ని అతని పని ద్వారానే ఎరుగుదురు. బడినాటి స్నేహం ప్రయోజనమంటే ఏమిటో తెలియని వయసులో మొదలవుతుంది గనుక, అది మూడో రకంగా పండడానికి అవకాశం ఎక్కువ. అదే గ్రంథం మొదటి భాగంలో, మిత్రుల, సంతానపు మంచిచెడ్డలు చనిపోయినవారిని తాకుతాయా అని అరిస్టాటిల్ ప్రశ్నించుకుని, కొంత తాకుతాయేమో గాని వారి ఆనందాన్ని తలకిందులు చేసేంతగా కాదని జాగ్రత్తగా సమాధానం చెప్పాడు. మరణంతో ఒక జీవితపు లెక్క పూర్తిగా ముగియదని అతనూ భావించాడన్నమాట.

లెక్క ముగియకపోవడమంటే ఏమిటో పటాన్‌చెరు ప్రాంతపు చరిత్ర చెబుతుంది. వెనుకబడిన అప్పటి మెదక్ జిల్లాకు ఉపాధి తేవాలన్న ఉద్దేశంతో 1970 దశకం నుంచి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం పరిసరాల్లో పరిశ్రమలు వెలిశాయి. వర్షాధార వ్యవసాయం తప్ప వేరే ఆధారం లేని కుటుంబాలకు నెలజీతం వచ్చింది, ఇక్కడ తయారైన మందులు ప్రపంచ దేశాలకు చేరాయి. ఆ తరానికి ప్రతినిధిగా చెప్పదగిన కల్లం అంజిరెడ్డి తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట పుట్టి, ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించి, ఖరీదైన మందులను సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చాడన్న పేరు పొందాడు. 2013 మార్చి 15న ఆయన మరణించాక 2015లో వెలువడిన ఆత్మకథకు ‘యాన్ అన్‌ఫినిష్డ్ అజెండా’ అనే పేరు ఉంది. భారతీయ ప్రయోగశాలలో కనుగొన్న కొత్త మందును ప్రపంచానికి అందించాలన్న ఆయన కోరిక జీవితకాలంలో తీరలేదు. గొప్పగా గెలిచిన మనిషి సైతం తన బతుకును తీరని పనిగా చూడగలిగాడంటే, అతన్ని తలచుకునేవారు దాన్ని ముగిసిన విజయగాథగా మాత్రమే చెప్పడం సరికాదు.

ఈ ప్రాంతం మోసిన భారం మాత్రం ఏ ఒక్క సంస్థదీ కాదు, మొత్తం పారిశ్రామిక విధానానిది. నక్కవాగు పటాన్‌చెరు దగ్గరి వ్యర్థాలను మోసుకుంటూ ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు సాగి మంజీరలో కలుస్తుంది. ఆ నీటితో పంట పండించుకున్న రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. అనేక కర్మాగారాల మురుగును ఒకేచోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వచ్చాక కూడా, దాని నుంచి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది బతుకుదెరువు కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. రోగం తగ్గించే మందూ, తాగడానికి పనికిరాని బోరునీరూ ఒకే నేల నుంచి వచ్చాయన్నది ఇక్కడి పారిశ్రామిక జీవితాన్ని తలచుకునే ఎవరికైనా తప్పించుకోరాని సత్యం.

ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. పోయినవారిని పల్లెత్తు మాట అనకూడదన్నది లోకమర్యాద. తనను తాను సమర్థించుకోలేని మనిషి మీద నింద వేయడం అధర్మమన్న న్యాయబుద్ధి దానికి ఆధారం. కనుకనే సంస్మరణ సభలో పూలదండ వేసిన పటం పక్కన నిలబడి మాట్లాడేవారు విరాళాలు, గుడికి చేయించిన మండపం, బడికి కట్టించిన గదులు లెక్కపెడతారు. కుటుంబం గౌరవం కోసం, సంస్థ పేరు కోసం, నాయకులు సంబంధాల కోసం మంచినే చెప్పక తప్పదు; నష్టపోయిన రైతు, చేయి పోగొట్టుకున్న కార్మికుడు తమ బాధనే చెప్పక తప్పదు. రెండు పక్షాలకూ కారణముంది, రెండు మాటలూ సగమే. కోరవలసిన ఆస్తీ, దాచవలసిన పరువూ, తీర్చుకోవలసిన పగా లేని మనిషి బడినాటి స్నేహితుడొక్కడే.

అతను చేయగలిగింది నిందకూ స్తుతికీ వేరైన సాక్ష్యం. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తం, గృహస్థుడికి బుద్ధుడు చేసిన ఉపదేశం, ముఖస్తుతి చేసేవాణ్ణి మిత్రుడి వేషంలోని శత్రువుల్లో చేర్చి, చెడు నుంచి వారించేవాణ్ణీ, మంచివైపు నడిపేవాణ్ణీ నిజమైన మిత్రుడని చెప్పింది. బతికి ఉన్నప్పుడు వారించడం మైత్రి అయితే, మరణించాక నిజాన్ని దాచడం మైత్రి కాజాలదు. అప్పు చేసి తొలి షెడ్డు వేసిన నాటి భయం, జీతాలు ఆపకుండా ఇల్లు తాకట్టు పెట్టిన తెగువ, వ్యర్థాల శుద్ధికి పెట్టే ఖర్చును వచ్చే ఏడాదికి వాయిదా వేసిన బలహీనత, ఈ మూడూ ఒకే మనిషివని ప్రేమతో చెప్పగలిగినవాడే అతన్ని పూర్తిగా స్మరించినవాడు. తప్పును ప్రేమతో చెప్పినప్పుడు పోయిన మనిషి చిన్నబోడు. పొగడ్తల కింద కనిపించకుండా పోయిన అతని మనిషితనం తిరిగి కనిపిస్తుంది.

తండ్రి చేసిన ధర్మబద్ధమైన అప్పును కొడుకు తీర్చాలని ధర్మశాస్త్రాలు విధించాయి. అలాంటి విధి మిత్రుడికి లేదు. అయినా అతను స్నేహితుడి పేరున ఒక ఊరికి మంచినీటి ఏర్పాటు చేయిస్తేనో, కర్మాగారంలో భద్రతకు ఖర్చు పెట్టమని వారసులను ఒప్పిస్తేనో, చనిపోయిన వలస కార్మికుడి పిల్లల చదువుకు పూనుకుంటేనో, అది ఫలాపేక్ష లేని కర్మకు చాలా దగ్గరగా వస్తుంది. శ్రాద్ధం పితరులను తృప్తిపరుస్తుందా లేదా అన్నది విశ్వాసానికి సంబంధించిన విషయం. మిత్రుడు మిగిల్చిన మంచిని కొనసాగించడం, అతను తీర్చలేకపోయిన బాకీని గుర్తించి తీర్చపూనుకోవడం మాత్రం బతికి ఉన్నవారి చేతిలో ఉన్న పని. పారిశ్రామికవేత్తల పేరున సభలు జరిపే ప్రతి ఊరిలోనూ, ముందుగా మాట్లాడే అవకాశం వారి బడినాటి స్నేహితులకు దక్కాలి, వారు జమనూ బాకీనీ రెండింటినీ చెప్పాలి. ఆ ధైర్యం చూపని స్మరణ ఎంత ఘనంగా జరిగినా స్నేహధర్మాన్ని నెరవేర్చినట్టు కాదు.