అద్దములోని ముఖము – అద్దము చూచు ఆత్మ

ఛాందోగ్యోపనిషత్తు అష్టమాధ్యాయమున ఒక కథ కలదు. ఆత్మ నెరుగగోరి దేవతల పక్షమున ఇంద్రుడును, అసురుల పక్షమున విరోచనుడును ప్రజాపతి నాశ్రయించిరి. 32 సంవత్సరములు బ్రహ్మచర్యము సలిపిన పిమ్మట, నీటిపాత్రలో తమ్ము తాము చూచుకొనుడని, పిదప చక్కగా అలంకరించుకొని మరల చూడుడని ఆయన ఆనతిచ్చెను. అలంకృతమైన నీడను చూచి విరోచనుడు తృప్తి చెంది, దేహమే ఆత్మయని తనవారికి బోధించెను. ఇంద్రునకు మాత్రము దారిలోనే సందేహము కలిగెను. దేహము అలంకృతమైనచో నీడయు అలంకృతమగును. దేహము గ్రుడ్డిదైనచో నీడయు గ్రుడ్డిదే. ఇట్టిది ఆత్మ ఎట్లగును? ఆతడు వెనుదిరిగి వచ్చెను.

మంజీరా నీటితో పంటలు పండించు బాన్సువాడ పల్లెలలోను నేడు ముఖము చూచుకొనుటకు నీటిపాత్ర అక్కరలేదు. అద్దము కలదు, చేతిలో ఫోను కలదు. సందేహము మాత్రము పాతదే. అగ్నిప్రమాదమున ముఖము కాలినవారికి, గ్రహణమొర్రితో పుట్టినవారికి అది మరింత తీవ్రము. శస్త్రచికిత్స జరిగి కట్లు విప్పిన దినమున, అద్దములో కనబడు ముఖము తనదేనా యని వారు తల్లడిల్లుదురు.

అట్టి చికిత్స ధర్మవిరుద్ధము కాదు. తెగిన ముక్కునకు ఆకుతో కొలత తీసి, చెక్కిలి చర్మముతో దానిని తిరిగి నిర్మించు విధమును సుశ్రుతసంహిత సూత్రస్థానమే తెలిపినది. కనుక ముఖమును బాగుచేయించుకొనువారిని దేహాభిమానులని నిందించుట తగదు.

అయినను శస్త్రము ముఖమును మార్చినంత త్వరగా మనస్సులోని బొమ్మను మార్చజాలదు. అమెరికా దేశపు ప్లాస్టిక్ సర్జరీ వైద్యుడు మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో ప్రకటించిన గ్రంథమున, ముఖము స్పష్టముగా మారినను తమకేమియు మార్పు కనబడలేదని వాదించిన రోగులను గూర్చి వ్రాసెను. పాత బొమ్మ కరగుటకు కనీసము 21 దినములు పట్టునని ఆయన గమనించెను. మరియొక చిక్కు కూడ కలదు. అద్దము కుడియెడమలను మార్చి చూపును. ఛాయాచిత్రము ఇతరులు చూచునట్లు చూపును. 1977లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఎక్కువమంది తమ అద్దపు రూపమునే మెచ్చగా, వారి మిత్రులు అసలు రూపమును మెచ్చిరి. తన ముఖమని మనుష్యుడు నమ్మునది చాలవరకు అలవాటుపడిన నీడయే.

కావున రోగి తొలిచూపుతోనే తీర్పు చెప్పుకొనరాదు. ముఖము మారినను, చూచువాడు మారలేదు, ఆతడే ఆత్మ. బంధువులు, ఇరుగుపొరుగువారు ఆ దినములలో రోగికి నిజమైన అద్దములు. వారు చూపు త్రిప్పుకొనినచో కలుగు గాయము ఏ శస్త్రముతోను మానదు. స్వామికి జరుపు రాజోపచారములలో దర్పణము చూపుట ఒకటి. తన రూపము నెరుగుటకు స్వామికి అద్దము అక్కరలేదు. పట్టువాని భక్తియే అందు ప్రధానము. అటులనే తోటివానికి నిర్మలమైన చూపును అద్దముగా పట్టుట నారాయణసేవయే.

నీడను దాటి సత్యము నెరుగుటకు ఇంద్రునికే మొత్తము 101 సంవత్సరములు పట్టెను. క్రొత్త ముఖముతో జీవించుట నేర్చుకొనువానికి కొంత కాలమును, కొంత ప్రేమయు ఇచ్చుట ధర్మము.