కిరాయి యింటి గుమ్మమునొద్ద



ఈ నెల ధ్యానమునకు అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములోని చివరి రెండు వచనములు చదువుకొనుడి. పౌలు రోమాపురిలో రెండు సంవత్సరములు కిరాయి యింట కాపురముండెనని అక్కడ మనకు తెలియుచున్నది. ఆ యింటి యజమానుని పేరు మనకు తెలియదు. కావలిలోనున్న పరదేశికి యిల్లు ఇచ్చినవాడు ఎవడో ఒకడుండెను.

మన జహీరాబాదులో నేడు ఈ సంగతి బరువుగా తోచుచున్నది. 2013లో మహీంద్రా వారి ట్రాక్టర్ల కర్మాగారము వచ్చెను. ఝరాసంగము, న్యాల్కల్ మండలములలో పరిశ్రమల కొరకు భూములు తీసికొనబడినవి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము 12 పారిశ్రామిక నగరములకు సమ్మతించగా జహీరాబాదు వాటిలో నొకటాయెను. మన పల్లెల పిల్లలును, దూరదేశపు కూలీలును పనికొరకు పట్టణము చేరుచున్నారు. పనులు వచ్చినంత త్వరగా చవుక యిండ్లు రావు.

మన సంఘపు యువకుడొకడు పెండ్లియైన నెలకే యిల్లు వెదకబోయెను. ఒకచోట కిరాయి కుదిరెను, అడ్వాన్సును కుదిరెను. చివరకు, “మీరేమోళ్లు?” అని అడిగిరి. అతడు చెప్పగానే, “మా చుట్టాలొస్తున్నరు, ఖాళీ లేదు” అనిరి. అతడు మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఈసారి వేరే కులం చెప్పనా?” అని అడిగెను. మేము వెంటనే జవాబియ్యలేకపోతిమి. అబద్ధమాడవద్దని చెప్పుట సులువే. ఆ రాత్రి అతని భార్య ఎక్కడ పండుకొనవలెనో చెప్పుట సులువు కాదు.

పిమ్మట మన విశ్వాసుల యిండ్లలోనే అడిగితిమి. అక్కడ కులమడుగలేదు గాని, “ఫ్యాక్టరీవాళ్లు ఇంకా ఎక్కువిస్తున్నరు, అయ్యగారూ” అనిరి. మొదటి తలుపును నిందించుటకు మనకు నోరు పెద్దది. ఈ రెండవ తలుపునుగూర్చి ఏమందుము?

కిరాయి తీసికొనుట పాపము కాదు. భర్తలేని తల్లి ఒక గది కిరాయితోనే బ్రదుకుచుండును. మరియొకరికి బ్యాంకు వాయిదా యుండును. పన్ను, నల్లా, సున్నము, కప్పు మరమ్మతు లెక్కవేసి, మీ జీవనమునకు తగినంత కలుపుకొనుడి. అది యింటి వెల. ఎదుటివానికి వేరే చోటు లేదని యెరిగి దానిపైన అడుగునది యింటి వెల కాదు, వాని యక్కర వెల. అందరును అట్లే తీసికొనుచున్నారు గదా అందురేమో. లేవీయకాండము 25వ అధ్యాయములో, చితికిపోయిన సహోదరుడు నీ ప్రక్కనే బ్రదుకునట్లు చేయవలెనను ఆజ్ఞ యున్నది. ఏదో కొంత చేతిలో పెట్టి పంపివేయుమని కాదు, నీ ప్రక్కనే. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమునుబట్టి, అప్పిచ్చినవాడు సహితము తాకట్టు కొరకు బీదవాని యింట చొరబడక వెలుపలనే నిలువవలెను. కిరాయిదారుని గడపకును ఆ మర్యాద చెల్లును.

1960 నాటి కిరాయి నియంత్రణ చట్టము సహితము, అది వర్తించు యిండ్లలో, కిరాయికి రశీదు ఇయ్యవలెననియు, న్యాయమైన కారణము లేక నీళ్లు, దీపము ఆపరాదనియు విధించినది. చట్టమే ఇంత కోరగా సువార్త తక్కువ కోరునా?

మా తప్పిదమును ఒప్పుకొనవలెను. మా యింటి ప్రక్కగదిలో విరిగిన బెంచీలు, క్రిస్మసు తోరణములు పడియుండెను. ఊరివారి తలుపులు తట్టిన మాకు ఆ గది మూడవ దినమున గాని తలంపునకు రాలేదు. పెద్దలతో మాటాడి, బెంచీలు తీయించి, సున్నము వేయించి, ఆ దంపతులను అందులో ఉంచితిమి. దీపము, నీళ్ల ఖర్చు మాత్రము వారిచ్చుచున్నారు. ఇది గొప్ప పని కాదు, ఆలస్యముగా చేసిన పని.

ఆ యువకుని ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇది: సత్యము చెప్పినవానికి చోటిచ్చు యిల్లు మనలో ఒకటైనను లేనియెడల, సత్యము చెప్పుమని వానికి బోధించుట మనకు తగదు.

షూనేమీయురాలు ప్రవక్తకొరకు కట్టించినది ఒక చిన్న గదియే. అందులో మంచము, బల్ల, పీట, దీపము ఉండెను. అంతే చాలియుండెను. గనుక ఖాళీ గది గలవారును, గది వెదకువారును వచ్చు ఆదివారము ఆరాధనయైన తరువాత సంఘ పెద్దలతో చెప్పుడి. తల వాల్చుటకు చోటు లేక తిరిగిన ప్రభువు మన గుమ్మములను తెరచును గాక. ఆమేన్.