విహారయాత్రలో మన వంతు

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, ప్రయాణాల మాట మొదలవుతుంది. మిరప కల్లాలు ఖాళీ అయి, చేలల్లో పత్తికట్టె పీకేసి, తొలకరి దాకా గుంటూరు పల్లెలు కాస్త ఊపిరి పీల్చుకునే కాలమది. అలాంటి రోజుల్లో ఒక జుమా నమాజు తర్వాత మా వీధి యువకుడొకడు నన్నడిగాడు: "చాచా! వ్యాపారం కోసం ప్రయాణం చేస్తాం, చదువు కోసం చేస్తాం, హజ్ కోసం చేస్తాం. మరి కేవలం అడవులూ కొండలూ చూసి రావటానికి డబ్బు, సమయం ఖర్చు పెట్టటం విశ్వాసికి తగునా?"

మంచి ప్రశ్న. అయితే దీని వెనుక ఇంతకంటే కష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. వెళ్ళిన చోట మనం ఎలాంటి అతిథులం? మొదటి ప్రశ్నకు జవాబు గ్రంథాల్లో దొరుకుతుంది. రెండో ప్రశ్న ఎంత బరువైనదో నాకు మార్కాపురం దారిలో తెలిసి వచ్చింది.

భూమిలో సంచారం

ముందు మొదటి ప్రశ్న చూద్దాం. ప్రయాణాన్ని ఇస్లాం నిషేధించలేదు సరికదా, ప్రోత్సహించింది. భూమిపై సంచరించి, సృష్టి ఎలా ఆరంభమయిందో చూడమని దివ్యఖుర్‌ఆన్ అన్‌కబూత్ సూరా పిలుపునిస్తుంది. గత జాతుల పర్యవసానం చూడమని రూమ్ సూరా హెచ్చరిస్తుంది. కొండలను, ఆకాశాన్ని, ఒంటెను చూపించి ఆలోచించమనే గ్రంథం మనది. ఇక షరీఅత్ ప్రయాణికుడికి ఇచ్చిన సౌకర్యాలు చూడండి. నాలుగు రకాతుల నమాజు రెండుకు తగ్గింది. రమజాన్ ఉపవాసాలను తర్వాత పూర్తిచేసుకునే వెసులుబాటు ఉంది. దారిలో దిక్కులేనివాడైతే జకాత్‌లో సైతం అతనికి భాగముంది.

ఇన్ని రాయితీలు పొందిన ప్రయాణికుడికి బాధ్యతలేమీ ఉండవా? తప్పకుండా ఉంటాయి. ఆ రాయితీలు మనకు బాగా గుర్తుంటాయి. బాధ్యతల దగ్గరే మతిమరుపు వస్తుంది.

ఎండిన ఊరు, పచ్చని అడవి

కొన్నేళ్ళ క్రితం మే నెలలో మేము ఏడుగురం ఒక వాహనం మాట్లాడుకుని నల్లమల చూడటానికి బయలుదేరాం. నరసరావుపేట, వినుకొండ దాటి పడమటికి పోతున్నకొద్దీ నేల రంగు మారిపోతుంది. కాలువ గట్లు, నల్లరేగడి వెనకబడతాయి. రాళ్ళ నేలలు, తుమ్మ చెట్లు, ఎండిన వాగులు ఎదురొస్తాయి. ఎడారి అనలేం గానీ, మే నెల మధ్యాహ్నం ఆ నేలను చూస్తే ఎడారి పదమే నోటికి వస్తుంది.

మార్కాపురం పలకల ఊరు. మనలో నలభై దాటినవారు చాలామంది అక్షరాలు దిద్దింది ఆ చుట్టుపక్కల గనుల రాతి పలక మీదే. అక్కడి నుండి దోర్నాల, దోర్నాల దాటితే నల్లమల. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్టు టైగర్ కిందకు వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఆవలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమయింది. తుమ్మలబయలు దగ్గర అటవీశాఖ వారి జీపుల్లో అడవి చూడవచ్చు. చెంచులు తరతరాలుగా బ్రతుకుతున్న అడవి అది. ఘాట్ రోడ్డు ఎక్కేసరికి గాలి మారుతుంది, మనిషి మనసూ మారుతుంది. నోటివెంట అప్రయత్నంగా 'సుబ్‌హానల్లాహ్' వస్తుంది.

కాని ఆ అడవి చల్లదనం ఆ దారి ఊళ్ళకు దక్కలేదు. అక్కడ భూగర్భ జలం లోతున ఉంటుంది. దొరికిన చోట కూడా ఫ్లోరైడ్ బాధ. వెలిగొండ సొరంగాల గుండా కృష్ణా నీరు వస్తుందని దశాబ్దాలుగా ఎదురుచూసిన ప్రాంతమది.

రెండు బిందెల నీళ్ళు

మార్కాపురం ఇంకా కొంత దూరం ఉందనగా జొహర్ వేళయింది. రోడ్డు పక్క ఒక పల్లెలో ఆగాం. మేము తెచ్చుకున్న సీసాలు అప్పటికే ఖాళీ. మొదటి ఇంటి ముందు నిలబడి నీళ్ళడిగాం. ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఎండన పడి వచ్చారు, తాగండయ్యా" అంటూ రెండు బిందెలు తెచ్చి వాకిట్లో పెట్టింది. కడుపునిండా తాగాం. తర్వాత ఏడుగురం వుజూ చేశాం. ఇంటి దగ్గర కొళాయి కింద ఎలా చేస్తామో అలాగే చేశాం. కుర్రవాళ్ళు తలలు తడుపుకున్నారు. ఒకడు బూట్లకంటిన దుమ్ము కూడా కడుక్కున్నాడు. వాకిలి తడిసింది, బిందెలు ఖాళీ అయ్యాయి.

నమాజు ముగించి వచ్చి, "మళ్ళీ ఎక్కడ నింపుకుంటారమ్మా?" అని మర్యాద కోసం అడిగాను. "మొన్న ట్యాంకరు వచ్చిందయ్యా. మళ్ళీ రేపు మా వీధి వంతు" అంది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. ఆ రెండు బిందెలు మరునాటి దాకా ఆ ఇంటి నీళ్ళని అప్పటికి గాని మాకు తెలియలేదు.

పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారని మనం పిల్లలకు నేర్పుతాం. ఉన్న నీరు దాహానికే అవసరమైతే దానిని దాహానికి వదిలి, మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చని ధర్మశాస్త్రవేత్తలు వివరించారు. ఆ దాహం తనదే కానక్కరలేదు, తోటివారిదైనా సరే. ఈ మసాయెల్ మాకు తెలియనివి కావు. కాని ఆ వాకిట్లో ఏడుగురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆరాధన కోసమే చేసిన పని కనుక అందులో తప్పుండదని అనుకున్నాం. పరుల దాహంతో చేసిన వుజూ గురించి రేపు మనల్ని అడిగితే ఏం చెబుతాం?

ఒంటె వంతు

ఈ సందర్భంలో ఒక ఎడారి పట్టణాన్ని తలుచుకుందాం. మదీనాకు ఉత్తరాన అల్-ఉలా ఉంది. దాని సమీపంలోనే హిజ్ర్. దానినే మదాయిన్ సాలెహ్ అంటారు. అక్కడ ఇసుకరాతి కొండలను తొలిచిన కట్టడాలు ఉన్నాయి. ఇప్పుడు కనిపించే శిల్ప సమాధులు నబాతీయుల కాలానివని చరిత్రకారులు చెబుతారు. 2008లో సౌదీ అరేబియా నుండి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన మొదటి స్థలం అదే. 2019లో ఆ దేశం పర్యాటక వీసాలు ప్రారంభించాక ప్రపంచం నలుమూలల నుండి జనం వస్తున్నారు. పక్కనే షరాన్ అభయారణ్యం, కొండలెక్కే ఆటలు, విడిది గృహాలు అన్నీ ఉన్నాయి.

హిజ్రీ 9లో తబూక్‌కు వెళుతూ దైవప్రవక్త (స) ఈ హిజ్ర్ మీదుగానే సాగారు. దైవశిక్షకు గురైన వారి నివాసాల్లోకి కన్నీళ్ళతో తప్ప ప్రవేశించవద్దని సహచరులను వారించారు. స్వయంగా తల కప్పుకుని త్వరత్వరగా దాటిపోయారు. ఆ బావుల నీటితో కలిపిన పిండిని ఒంటెలకు పెట్టించి, హజ్రత్ సాలెహ్ (అలైహిస్సలాం) గారి ఒంటె తాగిన బావి నుండే నీరు తోడుకోమన్నారు.

సముద్ జాతికి వచ్చిన పరీక్ష ఏమిటో గుర్తు చేసుకోండి. ఒక రోజు నీరు ఒంటెది, మరొక రోజు నీరు వారిది. షుఅరా, ఖమర్ సూరాలలో ఈ నీటి వంతు ప్రస్తావన ఉంది. కొండల్ని తొలిచి ఇళ్ళు కట్టగల నేర్పు వారికుంది. కాని నోరులేని జీవికి ఒక రోజు నీరు వదలటం మాత్రం చేతకాలేదు. ఒంటెను చంపేశారు. ఎండిన నేల మీద వంతును కాదన్నవారి గతి ఏమయిందో చూడటానికే కదా భూమిలో సంచరించమన్నది! ఆ పల్లెలో 'మా వీధి వంతు' అన్న మాట వినగానే నాకు ఈ వృత్తాంతమే గుర్తొచ్చింది.

డబ్బిచ్చాం కదా!

కొందరు ఇలా అంటారు: "మనం వెళితేనే కదా అక్కడి వారికి నాలుగు డబ్బులు వచ్చేది! హోటలు వానికి, జీపు వానికి అందరికీ ఇస్తున్నాం." నిజమే. యాత్రికుల వల్ల పేద ఊళ్ళకు ఉపాధి దొరుకుతుంది. కాని డబ్బుతో కొన్న వస్తువుకూ, అభిమానంతో ఇచ్చిన వస్తువుకూ తేడా ఉంది. నేను జేబులోంచి నోటు తీస్తే ఆ పెద్దావిడ తీసుకోలేదు. "నీళ్ళకు డబ్బులేందయ్యా!" అంది. అయినా ఆ నోటు ఆ సాయంత్రం దాహం తీర్చేది కాదు.

అడవిలోనూ అంతే. ప్రవేశ రుసుము కట్టినంత మాత్రాన ఖాళీ సీసాలు, పొట్లాం కాగితాలు విసిరే హక్కు రాదు. కోతులకు తినుబండారాలు విసరటం దయ అనుకుంటాం. ఆ ఆశతోనే అవి రోడ్డెక్కి చక్రాల కింద పడతాయి. దారిలోని బాధాకర వస్తువును తొలగించటం విశ్వాసంలో ఒక శాఖ అని నమ్మే మనం, దారిలో బాధాకర వస్తువును పారేసి వస్తే ఆ విశ్వాసం ఏమైనట్లు?

మన ఊరికి వచ్చే బాటసారులు

ఇంతటితో ముగిస్తే నా కథ సగమే చెప్పినట్లవుతుంది. బయలుదేరబోతుండగా ఆవిడ, "మీదే ఊరయ్యా?" అని అడిగింది. గుంటూరు పక్కనని చెప్పాను. "మేం ఏటా అటే వస్తాం, మిరప కోతకు" అంది. "మీ వైపు నీళ్ళకేం కరువు! కాలవల నిండా నీళ్ళే. కాకపోతే తాగటానికే..." అని, అతిథుల ముందు ఆ మాట బాగుండదనుకుందో ఏమో, ఆగిపోయింది.

ఆమె ఆపేసిన మాట నాకు అర్థమయింది. మాకు రెండెకరాల మిర్చి ఉంది. జనవరి వచ్చిందంటే పడమటి నుండి కోత కూలీలు మూటాముల్లె, పిల్లాజెల్లాతో వస్తారు. చేల గట్ల మీద పట్టాలతో గుడారాలు వేసుకుని మూడు నెలలు ఉంటారు. వారు ఏ నీళ్ళు తాగుతారో నేను ఏనాడూ అడగలేదు. పురుగుమందు కొట్టిన డ్రమ్ములు కడిగిన కాలువలోనే వారు బిందెలు ముంచుతుంటే చూశాను. చూశాను గాని గమనించలేదు. ఒకే దారి మీద మేము వారి ఊరికి వినోదం కోసం వెళ్ళాం, వారు మా ఊరికి కూటి కోసం వచ్చారు. వారు మాకు ఇంట్లో ఉన్న మంచినీళ్ళన్నీ ఇచ్చారు. మేము వారిని కాలువకు వదిలేశాం.

ఖుర్‌ఆన్ పదే పదే గుర్తుచేసే బాటసారి ఎవరు? కారులో వచ్చి నీళ్ళడిగిన నేనా, లేక గట్టు మీద గుడారంలో పిల్లను పడుకోబెట్టుకున్న ఆ తల్లా?

అందుకే ఆ యువకుడికి నేనిలా చెప్పాను: "వెళ్ళు నాయనా, తప్పక వెళ్ళు. నేను వెళ్ళకపోయి ఉంటే నా పొలం గట్టు నాకు కనపడేది కాదు. అయితే నీ నీళ్ళు నువ్వు మోసుకెళ్ళు. ఎండిన ఊళ్ళో అడిగితే దాహానికే అడుగు. నీ చెత్త నువ్వే తెచ్చుకో. చూసి వచ్చిన దానిలో ఒక్కటైనా నీ ఇంటి దగ్గర ఆచరణలో పెట్టు."

ఆ మరుసటి ఏడు నుండి కోతల కాలంలో మా చేను గట్టున మంచినీళ్ళ క్యాన్లు పెట్టిస్తున్నాను. ఇది పుణ్యకార్యమని చెప్పుకోను. ఎప్పుడో చెల్లించాల్సిన బాకీ, ఆలస్యంగా మొదలుపెట్టాను. ఆ పెద్దావిడ ఏ చేనుకు వస్తుందో నాకు తెలియదు. మా చేనుకు రాకపోతే మరొకరి చేనుకు వస్తుంది. ఆ మరొకరు ఈ పుట చదువుతున్న మీరే కావచ్చు.

సర్వోన్నతుడైన అల్లాహ్ మన ప్రయాణాలను గుణపాఠాలుగా మార్చుగాక! ఇతరుల వంతును గుర్తించి గౌరవించే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.