రాజోలి వరద: దుఃఖమునకు కర్త యెవరు?

2009వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర పొంగి, గట్టున నున్న రాజోలి గ్రామమును ముంచివేసెను. ఆ యేడు దేశమున అనావృష్టి సంవత్సరము. వాన కురియుమని మ్రొక్కినవారే ఋతువు ముగియువేళ వాన నాపుమని మ్రొక్కవలసి వచ్చెను. 2వ తేదీన కర్నూలు పట్టణము నీట మునిగెను. దిగువనున్న శ్రీశైల జలాశయము సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకొనునట్లు నిర్మింపబడినది. నాడు వచ్చినది 25 లక్షలకు పైమాట.

రాజోలి నేతవారి యూరు. గద్వాల చీరెలని ప్రసిద్ధి కెక్కిన చీరెలు, నూలు నేతకు పట్టు అంచును పట్టు కొంగును కలిపి నేయునవి, ఆ ప్రాంతపు మగ్గములనుండి వచ్చుచున్నవే. నేలలో గుంట తీసి యమర్చిన మగ్గమునకు వరద యెంతటి శత్రువో వేరుగ చెప్పనక్కరలేదు. గోడలు నిలిచినను గుంట బురదతో నిండును, పడుగు కుళ్లును, కొయ్య యుబ్బి వంకరపోవును.

అటుపిమ్మట ఆ యూరి వృద్ధు డొకడు నాతో, “మా నొసట రాసిందే జరిగింది వకీలయ్యా, ఏ జన్మల చేసిన పాపమో” అనెను. నేను బదులు పలుకలేకపోతిని. కొన్ని దినములకు పట్టణమున విద్యావంతులైన మిత్రుల గోష్ఠిలో నదే మాట మరల వింటిని: “పాపము, వారి కర్మ!” మొదటి మాటకు నా కన్నులు చెమర్చెను. రెండవ మాటకు నాకు కోపము వచ్చెను. మాట యొక్కటియే గదా, నాలో నీ భేదమేల కలిగెనని చాలకాలము విచారించితిని.

కర్మసిద్ధాంతమును తేలికగ త్రోసివేయువాడను గాను. అందొక గొప్పతనము గలదు. ఈశ్వరుడు పక్షపాతి కాడనియు, మానవుడు తన సుఖదుఃఖములకు తానే కర్త యనియు అది చెప్పుచున్నది. వ్రాతను నమ్మువాడు చేతులు కట్టుకొని కూర్చుండవచ్చును. కర్మమును నిజముగ నమ్మువాడు మాత్రము నేటి కర్మమును చక్కబెట్టుకొనక తప్పదు. మనవారు ఈ రెంటిని కలిపివేసి, రెంటిలోని చెడుగును మాత్రమే మిగుల్చుకొనిరి.

అయినను న్యాయవాదినైన నాకొక సందేహము తీరకున్నది. ఎంతటి క్రూరమైన న్యాయస్థానమైనను ముద్దాయికి నేరమేమో చెప్పక శిక్ష విధింపదు. తాను చేసినట్లు జ్ఞప్తియే లేని నేరమునకు, ఎన్నడు చేసెనో యెవరికి చేసెనో తెలుపక, చంటిబిడ్డకు మరణశిక్ష విధించు న్యాయాధిపతిని మనము గౌరవింపగలమా? మన మునసబునందు సహింపని దానిని పరమేశ్వరునందు ఆరోపించి, దానికి భక్తి యని పేరు పెట్టుచున్నాము.

ఇది మన దేశమునకే పరిమితమైన భ్రాంతి కాదు. హెబ్రీయుల యోబు గ్రంథమున, సర్వము గోల్పోయి బూడిదలో కూర్చున్నవానిని ఓదార్ప వచ్చిన మిత్రులు, “నీవేదో పాపము చేసియే యుందువు” అని వాదింతురు. కడపట దేవుడు గద్దించినది యోబు మొరను మాత్రమే కాదు. తన పక్షమున వాదించిన ఆ మిత్రులపైననే ఆయన కోపము రగిలెను.

మన కాలమునకు సమీపమైన నిదర్శన మొకటి. 1934 జనవరి 15వ తేదీన బీహారులో గొప్ప భూకంపము సంభవించి వేలకొలది జనులు మరణించిరి. అస్పృశ్యతా పాపమునకు దేవుడు విధించిన శిక్ష యిది యని గాంధీమహాత్ముడు ప్రకటించెను. అస్పృశ్యతానివారణమున ఆయనతో నేకీభవించిన రవీంద్రనాథ ఠాకూరు, బ్రాహ్మసమాజమున పుట్టి పెరిగినవాడు, ఈ మాటను మాత్రము ఒప్పుకొనక, ప్రకృతి విపత్తులకు ప్రకృతిలోనే కారణములు గలవని ప్రతివాదము వ్రాసెను. గాంధీగారు దానిని తన హరిజన పత్రికయందే ప్రచురించి సమాధానము చెప్పిరి. మహాత్ముని హృదయమును నేను శంకింపను. ఆ పాపము చేసినవారిలో తననుగూడ చేర్చుకొనియే ఆయన పలికెను. కాని కూలిన గోడలక్రింద అస్పృశ్యులును మరణించిరి గదా! వారేమి పాపము చేసిరి? ఆ వాదమున నేను ఠాకూరువారి పక్షము. సదుద్దేశముతో పలికినను, చనిపోయినవానిపై నేరము మోపు మాట నేరము మోపునదే.

కావున నాకు తోచిన దిది. “నా కర్మ” యని బాధితుడు పలికిన, అది తన గుండెను తానే నిబ్బరించుకొను ఉపాయము. దానిని లాగివేయుటకు మన కధికారము లేదు. “వారి కర్మ” యని చూచువాడు పలికిన, అది సాయము చేయకుండుటకు సంపాదించుకొనిన అనుమతిపత్రము. మన పూర్వుల కీ సంగతి తెలియును. బాలవితంతువు దుఃఖమును దేశమంతయు కర్మమని చెప్పుచుండగా, వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆమె నొసటి వ్రాత నాడు మారెననవలెనా, వ్రాసినది బ్రహ్మ కాదు, ఇరుగుపొరుగువారే యనవలెనా?

అట్లయిన వరదనుగూడ ఇరుగుపొరుగువారే పంపిరా యని చదువరులు నన్నడుగవచ్చును. వాన మనుష్యకృతము కాదు. నీరు పల్లమునకు పారు నియమము పాపపుణ్యముల నెరుగదు. ఆ నియమ మట్లు స్థిరముగ నుండుటచేతనే మనము కాలువ త్రవ్వగలిగితిమి. రాజోలికి సమీపమున సుంకేసుల ఆనకట్ట కట్టగలిగితిమి. నిప్పు ఒకనాడు కాల్చి మరియొకనాడు కాల్పకున్నచో వంటయు లేదు, జాగ్రత్తయు లేదు, స్వేచ్ఛ యను మాటకు అర్థమును లేదు. ఈ వాదము నా బుద్ధికి సరిపోవుచున్నది. కాని బిడ్డను నీట గోల్పోయిన తల్లి యెదుట దీనిని పలుకుటకు నాకు నోరు రాదు. అచ్చట తత్త్వము చెప్పువాడు యోబు మిత్రులలో నాలుగవవా డగును. ప్రార్థన చేయగలవాడు ఆమె చెంత కూర్చుండి మౌనముగ ప్రార్థించుగాక.

మా వృత్తిలో దైవికమను మాట యొకటి గలదు. 1874లో కార్వేటినగరము జమీందారుపై మద్రాసు రైల్వే కంపెనీ నడపిన వ్యాజ్యెము ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. భారీవర్షమునకు జమీనులోని చెరువులు తెగి, రైలుమార్గము ధ్వంసమయ్యెను. చెరువుల నిలుపుట ఈ దేశమున జమీందారుని విధి గావున, అజాగ్రత్త రుజువు కానిది అతడు బాధ్యుడు కాడని తీర్పు. చదువుటకు ఇది జమీందారునకు అనుకూలమైన తీర్పే. కాని దానిలోపల నున్న ప్రశ్నను గమనింపుడు: వాన యెంత కురిసినను, “నీవు చేయవలసినది చేసితివా?” అని యడుగుట మానలేదు. రాజోలికిని ఆ ప్రశ్నయే తగినది. జలాశయములలో నెప్పు డెంత నీరు నిలుపవలెను, ఎగువ ప్రవాహమును దిగువవారికి ఎంత ముందుగ తెలుపవలెను, మునిగిన యూరిని మరల నెచ్చట కట్టవలెను, ఎన్నాళ్లలో కట్టవలెను: ఇవి యేవియు నక్షత్రములలో వ్రాసియుండలేదు. మనుష్యులు బల్లలచుట్టు కూర్చుండి నిర్ణయించునవి. స్వేచ్ఛాసంకల్పము గలదా లేదా యని శాస్త్రులు వాదించుచుండగా, అది యచ్చట నిత్యము పనిచేయుచునే యున్నది, లేదా నిద్రించుచున్నది.

ఇక సుఖమును గూర్చి నాకు తెలిసినది కొంచెము. కఠోపనిషత్తు శ్రేయస్సును ప్రేయస్సును వేరుచేసి చెప్పినది. కడుపునిండినవారు ఈ భేదమును తరచుగ ఆకలిగొన్నవారికి బోధింతురు. అది నాకు సరిపడదు. పొడినేల, గట్టిపైకప్పు, తెగని పడుగు, ఇవి ప్రేయస్సు లన్న ననుడు, ఇవి లేక శ్రేయస్సును వెదకుమని పొరుగువానితో చెప్పుట మాత్రము మనకు తగదు.

ఆ వృద్ధుని మాట యింకొకటి మిగిలియున్నది. నొసటి వ్రాత యని పలికి, నేను బదులు పలుకక యుండగా, అతడు కొంతసేపు తన మగ్గపు గుంటవైపు చూచెను. పిదప అంగీ జేబులోనుండి మడత పెట్టిన కాగితము తీసి నా చేతి కిచ్చి, “ఇంటి జాగా కోసం రాయించిన అర్జీ, వకీలయ్యా. ఎవరి చేతికిస్తే పనవుతదో జరంత చెప్పుండ్రి” అని యడిగెను.