పెట్ట వీపు

పుంజు పెట్ట మీదెక్కితే తెలుగులో ‘తొక్కింది’ అంటారు. ఆ మాట అబద్ధం చెప్పదు. పుంజు ముక్కుతో పెట్ట జుట్టునో మెడ మీది ఈకలనో పట్టుకుంటుంది, రెండు కాళ్లతో వీపు మీద నిలబడుతుంది. నిలదొక్కుకోను గోళ్లు దించుతుంది. ఒకసారైతే ఏమీ కాదు. పొద్దుకు నాలుగైదు సార్లు అదే పెట్టను తొక్కితే మొదట ఈకలు ఊడతాయి, తరువాత తోలు తేలుతుంది, కాలి ముల్లు తగిలి రెక్క కింద చీరుకుంటుంది. నెత్తురు కనబడితే తక్కిన కోళ్లు అక్కడే పొడుస్తాయి. ఈగలు వాలితే పుండులో పురుగు పడుతుంది.

కందుకూరు చుట్టుపక్కల మా తండాల్లో ఇలాంటి పెట్టను చూపించి అడిగితే పెద్దవాళ్లు చెప్పే జవాబు ఒకటే: అది కోడి జాతం, దాని స్వభావం. మనిషికి అందులో పనేముంది?

ఈ జవాబును మేము ఒప్పుకోము. మన కోళ్ల పూర్వీకులైన ఎర్ర అడవికోళ్లకు పొద ఉంటుంది, చెట్టుకొమ్మ ఉంటుంది. ఇష్టం లేని పెట్ట పారిపోతుంది, ఎగిరి కూర్చుంటుంది, అరిచి బలమైన పుంజును రప్పించుకుంటుంది. తప్పించుకోలేక తొక్కించుకున్నా, తక్కువ స్థాయి పుంజు వీర్యాన్ని పెట్ట బయటికి నెట్టేస్తుందని విడిగా తిరిగే కోళ్ల మీద చేసిన పరిశోధన 2000లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అంటే పెట్టకు కూడా స్వభావం ఉంది, ఎంచుకునే స్వభావం. పుంజు స్వభావాన్ని వదిలిపెట్టి, పెట్ట స్వభావానికి కంచె కట్టి, దీన్ని ప్రకృతి అంటే ఎట్లా?

ఆ కంచె ఊరికే రాలేదు. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచాక ఈ చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాయి. కందుకూరు వైపు కూడా వెంచర్ల హద్దురాళ్లు వచ్చాయి. ఒకప్పుడు చెలకల్లో, తుమ్మల కింద తిరిగిన కూకడి (మా గోర్ బోలీలో పెట్టను అట్లే అంటాం) ఇప్పుడు ప్రహరీకీ మోటార్ సైకిల్‌కీ మధ్య ఉంటుంది. జాగా పోయింది మనుషులకే కాదు. అయితే జాగా తగ్గినా పుంజులు మాత్రం తగ్గలేదు. సీత్లా పండుగకు ఒకటి, దసరాకు ఒకటి, మంచి ధర వస్తే అమ్మడానికి ఇంకొకటి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. మూడు పెట్టల వాకిట్లో రెండు పుంజులు ఉంటే ఏమవుతుందో ఆ పెట్టల వీపులే చెబుతాయి. పైగా నాలుగు కిలోల అసీల్ పుంజుకూ కిలో పైచిలుకు నాటు పెట్టకూ ఏం పోలిక?

పడమటి దేశాల్లో పెట్ట వీపుకు మందపాటి గుడ్డ తొడిగి, రెక్కల కింద నుంచి పట్టీలు వేస్తారు. మా ఆడవాళ్లు అద్దాలు కుట్టిన చేతులతో దాన్ని పావుగంటలో కుట్టగలరు. పుండు మానేదాకా అది మంచిదే. కానీ మా అనుమానం వేరు. దెబ్బ తిన్నదానికే కవచం తొడిగి, దెబ్బ కొట్టేదాన్ని అట్లే తిరగనిస్తే కాపాడినట్లా? ఆడపిల్ల విషయంలో లోకం చేసే న్యాయం కూడా చాలాసార్లు ఇదే.

కోసుకుని తినేదానికి ఇంత ఆలోచన ఎందుకని నవ్వేవాళ్లున్నారు. తింటాం, నిజమే. దేవతకు ఇస్తాం. చంపే హక్కు ఉందనుకున్నా, చంపేదాకా బాధపడనిచ్చే హక్కు అందులోంచి పుట్టదు. జంతువులపై క్రూరత్వ నివారణకు 1960లో చేసిన చట్టం కూడా 3వ సెక్షన్‌లో ఈ బాధ్యతను జంతువును పెంచేవారి మీదే పెట్టింది: అనవసరమైన బాధ కలగకుండా చూడాలని. ఈ బాధ అవసరమైనదని ఎవరైనా చూపగలరా? గుడ్లు పెట్టడానికి పుంజే అక్కర్లేదు. పిల్లలు కావాలన్నా రోజూ అక్కర్లేదు. ఒకసారి కలిస్తే పది రోజుల దాకా పొదగేసే గుడ్లు వస్తాయి.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. కోళ్లకు నూకలు వేసేది, గంప ఎత్తేది, పుండుకు పసుపూ వేపనూనే రాసేది ఆడవాళ్లు. పుంజును ఉంచాలా అమ్మాలా అని తేల్చేది మగవాళ్లు. పుంజు వాళ్లకు మీసం లాంటిది. పుండును చూసినవాళ్లకు పుంజు మీద మాట చెల్లదు, మాట చెల్లేవాళ్లు పుండును చూడరు. కాబట్టి కోళ్ల లెక్క ఆడవాళ్ల చేతికి రావాలని మేము అడుగుతున్నాం. పండుగ పుంజును కాలికి తాడు కట్టి విడిగా మేపవచ్చు. దాని ముల్లు కొసను మాత్రమే ఆకురాయితో అరగదీయవచ్చు, మొదట్లో నెత్తురు ఉంటుంది కనుక అంతవరకు పోకూడదు. పిల్లలు కావాలనుకున్నప్పుడే వదిలి, మిగతా రోజుల్లో దాని మీదే గంప బోర్లించవచ్చు. గంప కింద అది కూయడం మానదు, తెల్లవారడమూ ఆగదు.